డ్రైవర్‌కు పడక ఎక్కడ?

ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఢీకొన్న కారు. తెల్లవారుజాము సమయం. మృతులంతా ఒకే కుటుంబం. పెళ్లికి వెళ్లి వస్తూనో, తిరుపతి దర్శనం ముగించుకొని వస్తూనో. ఊళ్ల పేర్లు మారుతూ ఈ వార్త జిల్లా పేజీల్లో ఏడాది పొడవునా వస్తూనే ఉంటుంది. చదివినవాళ్లు ముందు లారీవాడిని తిడతారు. తిట్టాల్సిందే. వెనక లైట్లు లేకుండా, కనీసం ఓ రిఫ్లెక్టర్ పెట్టకుండా హైవే అంచున బండి ఆపడం నేరం. కానీ అన్ని లారీలూ చీకట్లో కలిసిపోయినవి కావు. హెడ్‌లైట్ల వెలుగులో కొండంత బండి కనబడుతుంటే బ్రేకు మీద కాలైనా పెట్టకుండా గుద్దేయడం ఎలా సాధ్యం? టైరు రాసుకున్న మరక కూడా రోడ్డు మీద ఉండదు. మెలకువగా ఉన్న మనిషి అలా గుద్దడం అరుదు.

గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 28 మీటర్లు దాటుతుంది. నాలుగు సెకన్లు రెప్ప వాలిందంటే 110 మీటర్లు ఎవరూ నడపకుండానే వెళ్లిపోయినట్టు. ఈ కునుకులో తమాషా ఏమిటంటే, అది పట్టినట్టు పట్టినవాడికే తెలియదు. పక్క సీట్లో ఉన్నవాళ్లు అడిగితే ‘నిద్రా? లేదే’ అంటాడు. అబద్ధం చెప్పడం లేదు పాపం.

మన ఇళ్లలో దూరప్రయాణం అనగానే మొదట వచ్చే మాట ‘రాత్రి బయల్దేరితే తెల్లారేసరికి వెళ్లిపోతాం’. ఎండ ఉండదు, ట్రాఫిక్ ఉండదు, పిల్లలు వెనక సీట్లో పడుకుంటారు, అన్నిటికన్నా ముఖ్యంగా సెలవు కలిసొస్తుంది. ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి, బట్టలు సర్ది, భోంచేసి పది గంటలకు తాళం తిప్పుతారు. పొద్దున ఆరింటికి లేచినవాడు రాత్రి పదకొండు అయ్యేసరికి పదిహేడు గంటలుగా మెలకువగా ఉన్నట్టు. ఆ స్థితిలో మనిషి స్పందనలు వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతాయని ఆస్ట్రేలియా పరిశోధకులు 1990ల చివర్లోనే తేల్చారు. మన చట్టం ప్రకారం 30 మిల్లీగ్రాములు దాటితేనే తాగి నడిపిన నేరం. అంటే సంక్రాంతి రాత్రి చుక్క ముట్టకుండా విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దాటే కార్లలో, ఓ లెక్కన, చట్టం ఒప్పుకోని స్థితిలో ఉన్న డ్రైవర్లు ఎందరో ఉంటారు. ఊదించి పట్టుకునే యంత్రం లేదు కాబట్టి వాళ్లు పెద్దమనుషులే.

ఒంట్లోని గడియారం రాత్రి రెండు నుంచి ఆరు దాకా నిద్రే కోరుతుంది. మధ్యాహ్న భోజనం తర్వాత మళ్లీ కాస్త కునుకు అడుగుతుంది. ఈ గడియారం ముందు హోదాలు పనిచేయవు. కేంద్ర మాజీ మంత్రి ఎర్రన్నాయుడు 2012 నవంబర్‌లో విశాఖలో పెళ్లికి హాజరై తిరిగి వెళుతూ రణస్థలం దగ్గర అర్ధరాత్రి దాటాక మరణించారు. నటుడు, రాజకీయ నాయకుడు నందమూరి హరికృష్ణ 2018 ఆగస్టులో నెల్లూరు వైపు ఓ పెళ్లికని చీకటితోనే బయల్దేరి, తానే కారు నడుపుతూ నల్గొండ జిల్లాలో పోయారు. 2024 ఫిబ్రవరిలో యువ ఎమ్మెల్యే లాస్య నందితను ఔటర్ రింగ్ రోడ్డు మీద తెల్లవారుజామున పోగొట్టుకున్నాం. ఈ మూడింటికీ నిద్రే కారణమని అనడం లేదు. వేళలు చూడమంటున్నాను.

బస్సుల సంగతీ అంతే. 2013 అక్టోబర్‌లో పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది సజీవదహనమయ్యారు. మళ్లీ 2025 అక్టోబర్‌లో కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర రోడ్డు మీద పడి ఉన్న బైకును ఢీకొని స్లీపర్ బస్సు కాలిపోయింది. రెండూ హైదరాబాద్, బెంగళూరు మధ్య తిరిగే బస్సులే, రెండూ తెల్లవారకముందే. డీజిల్ ట్యాంకు ఎక్కడుండాలి, అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా, అద్దం పగలగొట్టే సుత్తి ఉందా, లగేజీలో ఏం పెట్టారు అన్న చర్చ రెండుసార్లూ జరిగింది. అవసరమైన చర్చే. స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనిషి గత రెండు రోజుల్లో ఎన్ని గంటలు పడుకున్నాడన్న ప్రశ్న మాత్రం చర్చకు కేంద్రం కాలేకపోయింది.

కాకపోవడానికి కారణం ఉంది. లెక్కలో లేనిది కళ్లకు ఆనదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ చెప్పింది. అందులో డెబ్బై శాతానికి పైగా మరణాలను అతివేగం పద్దు కింద రాశారు. మద్యం, రాంగ్ రూట్, సిగ్నల్ దాటడం, సెల్‌ఫోన్ అని మిగతా వరుసలు. నిద్రకు వరుసే లేదు. బ్రేకు వేయకుండా గుద్దిన కారు వేగంగానే గుద్దుతుంది కదా, అలా నిద్ర కూడా వేగం ఖాతాలో జమ అవుతోందని నా అనుమానం. స్పీడ్ కెమెరాలు పెంచితే ఈ రకం ప్రమాదం తగ్గదు.

చట్టం నిద్రను అసలే పట్టించుకోలేదని కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, దూరపు రూట్లయితే పది గంటలు మించి నడిపించకూడదంది. ఐదు గంటలు ఏకధాటిగా పనిచేస్తే అరగంట విరామం ఇవ్వాలంది. తర్వాత దాన్ని 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపేశారు. కానీ ఆ పాత చట్టం ఐదుగురు, అంతకుమించి పనివాళ్లున్న సంస్థల కోసం రాసింది. మనం ఫోన్ చేసి పిలిపించుకునే యాక్టింగ్ డ్రైవర్‌ అందులోకి రాడు.

ఈ యాక్టింగ్ డ్రైవర్ గురించి కాస్త ఆగి ఆలోచించాలి. సొంత కారు ఉండి, రాత్రి నడపడం క్షేమం కాదని తెలిసిన కుటుంబం చేసే తెలివైన పని అతన్ని పెట్టుకోవడం. రోజు బత్తా, భోజనం మాట్లాడుకుంటారు. నిన్న రాత్రి ఎక్కడ నడిపావు, ఎప్పుడు పడుకున్నావు అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా నిజం చెబితే బేరం పోతుందని అతనికి తెలుసు. హైదరాబాద్ నుంచి తిరుపతికి దాదాపు 550 కిలోమీటర్లు రాత్రంతా నడుపుతాడు. పొద్దున కుటుంబం గది తీసుకొని స్నానాలు చేసి దర్శనానికి వెళ్తుంది. అతను పార్కింగులో సీటు వెనక్కి వాల్చి, సగం దించిన అద్దాల మధ్య దోమలతో, ఎండతో పడుకుంటాడు. అంతలో ఫోను: ‘బాబూ, ఆ లగేజీ తీసుకురా’. సాయంత్రానికి దర్శనం అయిపోతుంది, ‘మళ్లీ రూమ్ ఎందుకు, రాత్రికి బయల్దేరిపోదాం’ అంటారు. పెళ్లిళ్లలోనూ ఇదే తంతు. డ్రైవర్ తిన్నాడా లేదా అని పెద్దవాళ్లు తప్పకుండా అడుగుతారు, ఆ మర్యాద మనలో ఇంకా ఉంది. పడుకున్నాడా అని అడిగే మర్యాద మాత్రం పుట్టలేదు.

కొన్ని జిల్లాల్లో పోలీసులు అర్ధరాత్రి వాహనాలు ఆపి, డ్రైవర్లతో ముఖం కడిగించి పంపుతున్నారు. ఉద్దేశం మంచిదే, ఆ కాసేపు ఆగడమూ మంచిదే. కానీ చన్నీళ్ల చలువ కొద్ది నిమిషాలే ఉంటుంది. పాటల మోత, తెరిచిన అద్దం, నోట్లో వక్కపొడి అన్నీ ఆ కోవలోవే. కాఫీ పనిచేస్తుంది గానీ వంటబట్టడానికి అరగంట పడుతుంది. కాబట్టి తాగగానే బండెక్కకుండా, వెలుతురున్న బంకు ఆవరణలో పదిహేను, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవడం మేలు. అది కూడా గండం గడవడానికే. ఆరు గంటల నిద్ర బాకీ కాఫీతో తీరదు. ఉన్నంతలో మంచి దారి నాలుగున్నర, ఐదింటికి నిండు నిద్ర లేచి బయల్దేరడం, చీకటి పడ్డాక దారిలో ఉన్న ఊళ్లో గది తీసుకోవడం. ‘గదికి రెండు వేలు దండగ’ అనేవాళ్లు ఆ కారుకు లక్షలు పోసి ఆరు ఎయిర్‌బ్యాగులు కొన్నవాళ్లే.

ఎయిర్‌బ్యాగులన్నాం కాబట్టి ఒక్క మాట. బ్రేకు పడని ప్రమాదంలో దెబ్బ పూర్తి వేగంతో తగులుతుంది, అందుకే బెల్టు అక్కడ మరింత అవసరం. 2022లో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో, వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చొని ప్రాణం పోగొట్టుకున్నారు. నిబంధన వెనక సీటుకూ ఉంది. అయినా మన కార్లలో వెనక బెల్టుల బకిల్స్ సీటు కవర్ల కిందే ఉంటాయి.

ప్రభుత్వాలు చేయగలిగినవాటిలో ఒకటి చాలా చవకైనది. తమిళనాడు 2023లో భవన నిర్మాణ నిబంధనలను సవరించి, హోటళ్లు, లాడ్జీలు అతిథుల డ్రైవర్ల కోసం పడకలు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయాలని చేర్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఫంక్షన్ హాళ్లకు అనుమతి ఇచ్చేటప్పుడు ఎన్ని కార్లు పట్టే పార్కింగ్ ఉందో కొలుస్తారు. ఆ కార్లు నడిపి తెచ్చినవాళ్లు నడుం వాల్చే చోటు కూడా అదే ప్లానులో అడగవచ్చు. పెద్ద హాలుకు ఇరవై మంచాలు, నాలుగు ఫ్యాన్లు, ఓ బాత్రూమ్ బరువేమీ కాదు, స్వాగత తోరణం పూల ఖర్చులో సర్దుకుపోతుంది. యాత్రాస్థలాల్లో సత్రాలకూ, హైవేల మీద రెస్టారెంట్లకూ ఇదే షరతు పెట్టవచ్చు. దానితోపాటు ప్రమాదం జరిగిన చోట పోలీసులు నింపే పత్రంలో రెండు గళ్లు పెరగాలి: డ్రైవర్ చివరిసారి ఎప్పుడు నిద్ర లేచాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు. జవాబులన్నీ నిజం కాకపోవచ్చు. కొన్నేళ్లు వరసగా అడిగితే ఏ రూట్లో, ఏ నెలలో, ఏ రకం బండి నడిపేవాళ్లు నిద్రలేక నడుపుతున్నారో తేలుతుంది. మంచాలు ముందు ఎక్కడ వేయాలో అప్పుడు ఎవరూ ఊహించనక్కర్లేదు.