ముప్ఫై వేల భోజనం, పేరు లేని మామిడిచెట్టు

ముందే ఒప్పేసుకుంటున్నా. ఒక్క పూట తిండికి ముప్ఫై వేలు పెట్టిన మనిషిని నేను. "ఇంజనీరింగు చదివావు, ఆ మాత్రం లెక్క తెలీదా" అని తిట్టుకునేముందు కాస్త ఓపిగ్గా చదవండి. చివర్లో కూడా తిట్టుకోవచ్చు :)

పోయినేడాది అక్టోబరులో ఆఫీసు పని మీద మూడు వారాలు బార్సిలోనాలో ఉన్నాను. అక్కడ దిస్‌ఫ్రుతార్ అని ఒక రెస్టారెంటు ఉంది. స్పానిష్‌లో ఆ మాటకి 'ఆనందించడం' అని అర్థం. ఒరియోల్ కాస్త్రో, ఎడువార్డ్ షత్రుక్, మతేవు కసన్యాస్ అని ముగ్గురు కలిసి 2014లో పెట్టారు. 2024లో 'ప్రపంచంలో 50 ఉత్తమ రెస్టారెంట్లు' జాబితాలో దానికి మొదటి స్థానం వచ్చింది. నెలల ముందే బుక్ చేసుకోవాలి. మా టీములో ఒకబ్బాయికి ఈ పిచ్చి ఉంది, వాడు వేసవిలోనే ముగ్గురికి టేబులు పట్టాడు. మూడో మనిషి రానన్నాడు, నేను దొరికాను.

టేస్టింగ్ మెనూ అంటే మనం ఆర్డరు చేసేదేం ఉండదు. వాళ్ళు ఏ వరసలో ఏది పెడితే అది తినాలి. ఒక్కోటి రెండు ముద్దలే, అలా ముప్ఫై దాకా వస్తాయి. మన పెళ్ళి బంతి లాంటిదే అనుకోండి, కాకపోతే మారు అడగరు. వైను లేకుండానే మనిషికి మూడొందల యూరోలు దాటింది.

వంటిల్లు మధ్య నుంచి నడుచుకుంటూ వెనకాల హాల్లోకి వెళ్ళాలి. కూర్చున్నాక మొదలైంది. ఒకామె నల్లనువ్వుల పళ్ళెం తెచ్చి మెల్లగా ఊపుతుంటే, నువ్వుల్లోంచి బీట్‌రూట్ రంగు ఉండలు పైకి తేలాయి. మా నాయనమ్మ చేటలో బియ్యం చెరిగేది గుర్తొచ్చింది. తర్వాత గాజుగొట్టాల్లా పారదర్శకంగా ఉండే మాకరోనీ తెచ్చి మా ముందే కలిపి ఇచ్చారు. ఆ తర్వాత ఒకదానికొకటి అతుక్కున్న చిన్న చిన్న ఆకుపచ్చ గోళీలు. నోట్లో పెట్టుకుంటే టప్పున చిట్లి లోపలంతా రసం.

ఈ గోళీల కిటుకు ఎల్ బుయి అనే రెస్టారెంటుది. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌కి కాల్షియం తగిలితే పల్చటి పొర కడుతుంది, లోపల రసం రసంగానే ఉంటుంది. 2003లో ఫెర్రాన్ అద్రియా బృందం దాన్ని అక్కడ మొదలెట్టింది. దిస్‌ఫ్రుతార్ ముగ్గురూ అక్కడ పనిచేసినవాళ్ళే.

అన్నీ బావున్నాయా అంటే, లేదు. నాలుగైదు నాకు అర్థం కాలేదు. ఒకటైతే మర్యాద కోసం మింగాను.

అసలు విషయం ఇప్పుడొస్తుంది. సగం భోజనం అయ్యాక వడ్డించే ఆమె ఏ ఊరని అడిగింది. మాది ఆగిరిపల్లి, నూజివీడు పక్కన. 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఇవన్నీ ఆమెకెందుకని, "ఇండియాలో మామిడిపళ్ళ ప్రాంతం, మాకూ తోట ఉంది" అన్నాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి ఎన్ని రకాలున్నాయంది. నేను ఉషారుగా బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు అని చెప్పుకుపోయాను. చిన్నరసాన్ని కోయరు, పిసికి పిసికి మొన కొరికి జుర్రుకుంటారు, మీ గోళీ లాంటిదే, కాకపోతే చెట్టుకి కాస్తుంది అన్నాను. నవ్వింది. మీ తోటలో మీకు బాగా ఇష్టమైనది ఏదని అడిగింది.

ఇష్టమైనది ఉంది. తోట మూల ఒక నాటు చెట్టు. పండు పీచు, పుల్లగా ఉంటుంది. కానీ పచ్చికాయ గట్టిగా, టెంక బాగా ముదిరి, ముక్క కొడితే ఏడాదైనా మెత్తబడదు. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవకాయ ఆ చెట్టు కాయతోనే. దాని పేరు చెప్పబోయి ఆగిపోయాను. పేరు లేదు. మా ఇంట్లో అందరం 'మూల చెట్టు' అంటాం.

ఇంకో సంగతి. దానికి వారం ముందే నాన్న ఫోన్ చేశారు. "ఒరే, ఆ మూల చెట్టు కాయ ఎవడూ కొనట్లేదు. కొట్టించేసి రెండు బంగినపల్లి అంట్లు పెడదామనుకుంటున్నా, ఏమంటావ్?" నేను మీటింగులో ఉన్నా. "నీ ఇష్టం నాన్నా, అమ్ముడుపోనిది ఎందుకు" అని పెట్టేశాను. పది సెకన్లు కూడా ఆలోచించలేదు. అలాంటివాణ్ణి బార్సిలోనాలో కూర్చుని, నువ్వుల్లోంచి ఉండలు తేలితే చప్పట్లు కొడుతున్నా!

తిరిగొచ్చాక ఆఫీసులో ఈ భోజనం గురించి చెప్తే రెండు రకాల మాటలు విన్నాను. ఒకటి, "ఆ డబ్బుతో ఏడాదంతా బిర్యానీ తినొచ్చు." దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇంకా ఘోరమైన లెక్క నేనే వేసుకున్నా. 2025లో చిత్తూరు వైపు తోతాపురి ధర పడిపోతే, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం ఇంకో 4 కలిపి 12 ఇస్తామన్నారు. అదేనండీ, మేం కలెక్టరు అనే కాయ. ఆ లెక్కన నా ఒక్క పూట తిండి రెండున్నర టన్నుల మామిడికాయలు. మళ్ళీ వెళ్ళను.

రెండోది, "ఇందులో ఏముంది, ఇవన్నీ మన పూర్వీకులు ఎప్పుడో చేశారు, ముంజకాయ తిన్లేదా?" దీంతోనే నాకు పేచీ. ముంజని చేసింది తాటిచెట్టు, మన పూర్వీకులు కాదు. పూర్వీకులు నిజంగా చేసినవేమో మనం రాసిపెట్టుకోలేదు.

ఎల్ బుయి వాళ్ళు చేసింది అదే. ప్రతి వంటకానికీ ఒక నంబరు, చేసిన ఏడాది, చేసిన పద్ధతి. అలా లెక్క 1846కి చేరింది. 2011 జులై 30న రెస్టారెంటు మూసేశారు. అదే చోట 2023లో మ్యూజియం తెరిచి ఆ అంకెనే పేరులో పెట్టుకున్నారు. వాళ్ళేం దేవుళ్ళు కారు, జీతం లేకుండా పనిచేసిన కుర్రాళ్ళ కష్టం మీదే ఆ వంటిల్లు నడిచింది, అదీ చెప్పుకోవాలి. కానీ రెస్టారెంటు పోయినా పని పోలేదు. రాసిపెట్టారు కాబట్టే ఆ ముగ్గురూ దాని మీద ఇంకోటి కట్టగలిగారు.

మనకిది కొత్త విషయం కాదుగా! పాత కోడు ఎవరు, ఎందుకు మార్చారో రాయకపోతే టీములో పెద్ద గొడవ పెడతాం. అదే ఇంట్లో అమ్మ "కారం తగినంత" అంటే ముచ్చటపడతాం. ఆ 'తగినంత' అమ్మ చేతిలో ఉన్నంతకాలమే ఉంటుంది. నాయనమ్మ 'తగినంత' 2016లో ఆమెతోనే పోయింది. సోలతో కొలిచేదని గుర్తు, ఎన్ని సోలలో గుర్తు లేదు.

ఆ రాత్రే హోటలు నుంచి నాన్నకి ఫోన్ చేశా. అక్కడ తెల్లారుజాము. "చెట్టు కొట్టించావా?"

"లేదురా, కూలీలు దొరకలేదు. ఏం, కలొచ్చిందా?"

ఆగమన్నాను. ఎందుకంటే చెప్పలేకపోయాను. "ఒక్క కాపు చూద్దాం" అన్నాను, అంతే.

మే నెలలో సెలవు పెట్టి వెళ్ళి అమ్మతో ఆవకాయ పెట్టించాను, ఆ చెట్టు కాయతోనే. పక్కన తూకం మిషను పెట్టి, ఆవిడ గిన్నెలో ఏది వేయబోయినా ఆపి తూచాను. మొదట నవ్వింది, తర్వాత విసుక్కుంది. "నీకు వంట చెప్తున్నానా, పోలీసు స్టేషన్‌లో వాంగ్మూలం ఇస్తున్నానా" అంది. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అన్నీ గ్రాముల్లో రాశాను. రెండుసార్లు "ఇంకొంచెం" అని చేత్తో వేసింది, అదీ తూచి రాశాను.

చెట్టు సంగతి. టెంక పాతితే అదే కాయ వస్తుందన్న నమ్మకం లేదు, అంటు కట్టాల్సిందే. తొలకరికి నర్సరీ ఆయన్ని తీసుకొచ్చి రెండు అంట్లు కట్టించాం. ఒకటి ఎండిపోయింది, ఒకటి చిగురేసింది. పెద్ద చెట్టు ఇంకో ఏడాది ఉంటుందో లేదో నాకు తెలీదు. అది నాన్న జీవనం, ఆ చోటుకి బంగినపల్లి డబ్బులిస్తుంది, మూల చెట్టు ఇవ్వదు. నెలజీతం తీసుకుంటూ హైదరాబాదులో కూర్చుని "కొట్టొద్దు" అని చెప్పడం నాకు చాలా తేలిక. అందుకే చెప్పలేదు. ఆ అంటు పెరిగేదాకా నీళ్ళ ఖర్చు నాదన్నాను.

ఇక మీ ఇంట్లో సంగతి మీకే తెలియాలి. గోంగూరో, ఉలవచారో, పూతరేకులో... 'తగినంత' చేసే చెయ్యి ఒకటి ఇంకా ఉంటే, ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు తూకం మిషను పట్టుకెళ్ళండి. తిడతారు. తిట్టించుకుంటూ రాసుకోండి.