గది గదికీ తిరిగే ముందు

దుబాయ్‌లో మేముంటున్న క్యాంపు గేటు దగ్గర ఓ బోర్డుంది. లోపల అమ్మకాలు, చందాలు నిషేధం. సిమ్‌కార్డులోళ్లు, క్రెడిట్ కార్డులు అంటగట్టేవాళ్లు, చీటీలు వేస్తామనేవాళ్లు సెలవు రోజు పొద్దున్నే తలుపులు బాదుతుంటే ఆ బోర్డు మాకూ మంచిదే అనిపించేది.

కిందటేడు మా గ్యాంగులో స్టీల్ ఫిక్సర్ ఒకతను నిద్రలోనే పోయాడు. జగిత్యాల వైపు మనిషి, ఇద్దరు పిల్లలు. అలవాటు ప్రకారం మేం నలుగురం నోటుబుక్కు పట్టుకుని గది గదికీ బయల్దేరాం. పదో ఇరవయ్యో ఎవరూ కాదనలేదు. రెండో అంతస్తులో సెక్యూరిటీ ఆపేశాడు. చావు దగ్గర కూడా రూల్సేనా అని గొడవపడ్డాం.

తప్పు మాదేనని తర్వాత తెలిసింది. ఇక్కడ 2021 ఫెడరల్ చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థలే విరాళాలు సేకరించాలి, విడి మనుషులు కాదు. దుబాయ్‌లో 2015 నుంచే ఇలాంటి ఉత్తర్వు ఉంది. వాట్సాప్‌లో అడిగినా చిక్కే. దొరికితే జరిమానా, జైలు. డిప్లొమా చదివిన మాకే తెలియకపోతే షట్టరింగ్ తమ్ముళ్లకు ఎవరు చెప్పాలి? చట్టాన్ని తిట్టలేం కూడా. చచ్చినోడి ఫొటో చూపించి చందా మింగేసినవాళ్లను మేం చూశాం.

మా బాధ వేరే. ఆ పూట పోగైంది 640 దిర్హాములు, అదీ తిరిగిచ్చేశాం. హక్కుగా రావాల్సిన దాని గురించి మాత్రం ఒక్కరమూ అడగలేదు. శవాన్ని ఇంటికి పంపే ఖర్చు కంపెనీదే. జీతం బాకీ, గ్రాట్యుటీ పది రోజుల్లో కుటుంబానికి చేరాలి. ఆ ఇంటికి అందింది నాలుగు నెలలకు. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో పోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం అయిదు లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది, దానికి కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టాలి. ప్రమాదంలో పోతే ప్రవాసీ భారతీయ బీమా పది లక్షలు. ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లకు అది తప్పనిసరి కాబట్టి చాలామంది చేతిలో పాలసీ ఉంటుంది, నంబరు ఇంట్లో తెలియదు. (మాలాంటి పదో తరగతి దాటినవాళ్లకు తప్పనిసరి కాదు, కట్టనూ కట్టం.)

నిషేధం బోర్డు పెట్టిన కంపెనీలు దాని కిందే ఈ హక్కులన్నీ తెలుగులో, హిందీలో రాయించాలి. పెయింటు ఖర్చు ఎంతని? అప్పటిదాకా మా తోటి సూపర్‌వైజర్లను ఒకటడుగుతున్నాం. పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో హెల్మెట్ సంగతి రోజూ చెబుతాం కదా, నెలకోసారి ఓ అయిదు నిమిషాలు వీటికివ్వండి. పాలసీ కాగితం ఫొటో తీసి ఆ రోజే ఇంటికి పంపించమనండి.