క్లిప్పులు తీశాక మళ్లీ సందు

నోరు మూసినా పై పళ్లూ కింది పళ్లూ ముందు భాగంలో కలవని పిల్లలకు మంచినీళ్లిచ్చి గుటక వేయమంటాను. పెదవులు బిగుస్తాయి, గడ్డం బత్తాయి తొక్కలా గుంటలు పడుతుంది, నాలుక కొస ఆ సందులోకి తోసుకొస్తుంది. జామకాయనైనా పక్క పళ్లతోనే కొరుకుతారు. అయిదారేళ్ల లోపు ఇలా ఉంటే కంగారు పడను. చాలామందిలో వేలు చీకడం మానగానే సర్దుకుంటుంది. పన్నెండేళ్లకీ అలాగే ఉంటేనే నాకు దిగులు.

క్లిప్పులతో ఆ సందు మూయడం మా దంతవైద్యులకు పెద్ద కష్టం కాదు, మూసింది నిలవడమే కష్టం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు చికిత్స పూర్తయిన ఇలాంటి కేసులను దాదాపు పదేళ్ల తర్వాత మళ్లీ చూసి, 1985లో ఫలితాలు ప్రచురించారు. మూడో వంతుకు పైగా మందిలో 3 మిల్లీమీటర్లు, అంతకు మించిన సందు కనిపించింది.

తప్పంతా గుటకదే అనుకుంటాం. ఒక్కో గుటకలో నాలుక పళ్లను నెట్టేది సుమారు ఒక్క సెకను. రోజుకు వెయ్యిసార్లు మింగినా కొద్ది నిమిషాలే. పన్ను కదలాలంటే ఒత్తిడి గంటల తరబడి ఉండాలి. అందుకే అసలు చూడాల్సింది నాలుక ఊరికే ఉన్నప్పుడు ఎక్కడ ఆనుతుందన్నది: అంగిటికా, పళ్ల మధ్యకా? ముక్కు దిబ్బడ వల్లో, ముక్కు వెనక పెరిగిన ఎడినాయిడ్స్ వల్లో నోటితో గాలి పీల్చే పిల్లకి నాలుక కిందికి జారే ఉంటుంది. ఆ ముక్కు సంగతి ఈఎన్‌టీ డాక్టర్ చూడకుండా నాలుకను ఆపడానికి పళ్ల వెనక కంచెలాంటి తీగ అమర్చడం నాకు నచ్చదు.

నాలుక వ్యాయామాలు పనిచేస్తాయా? 2010లో స్మిత్‌పీటర్, కోవెల్ ప్రచురించిన అధ్యయనంలో, క్లిప్పులతోపాటు వ్యాయామాలు చేసినవాళ్లలో సందు సగటున 0.5 మిల్లీమీటర్లే తిరిగి తెరుచుకుంది, చేయనివాళ్లలో 3.4. పాత రికార్డులతో చేసిన చిన్న అధ్యయనం కాబట్టి తుది తీర్పు అనను. కానీ ఇంత తేడాను పక్కన పెట్టేయలేం.

అయినా చాలాచోట్ల క్లిప్పుల ప్యాకేజీలో వైర్లుంటాయి, రిటైనర్ ఉంటుంది, నాలుక ఊసే ఉండదు. ఫోటో తీసి పంపితే ఇంటికొచ్చే అలైనర్లలో అదెవరు చూస్తారు? డబ్బు కట్టే ముందే అమ్మానాన్నలు మూడు విషయాలు అడగాలి: ముక్కు చూశారా, మాట్లాడకుండా ఉన్నప్పుడు నాలుక ఎక్కడుందో చూశారా, క్లిప్పులు తీశాక ఎన్నేళ్లు పిలిచి చూస్తారు?