పాపభీతి లేని చోట నీతి

దైవభయం పోతే మనిషిని ఆపేదేముంటుందన్న పాత వాదంలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. దేవుణ్ణి నమ్మని మనిషి నీతిగా బతకగలడా అన్నది మొదటిది కాగా, ఆ నీతి అతనితోనే అంతరించకుండా తర్వాతి తరానికి అందుతుందా అన్నది రెండోది. మొదటిదానికి భారతీయ దర్శనాలు ఏనాడో సమాధానం చెప్పాయి. సృష్టికర్తను ఒప్పుకోని బౌద్ధ, జైనాలు అహింసకు పెద్దపీట వేయగా, వేదవిహిత కర్మలను విచారించే పూర్వమీమాంస సైతం ధర్మానికి ఈశ్వరుడి అండ అవసరం లేదనే వాదించింది. అయితే ఈ జన్మలో చేసినదానికి మరుజన్మలో ఫలం తప్పదన్న కర్మసిద్ధాంతం వీటన్నిటికీ ఆధారంగా ఉంది గనుక, ఆ నమ్మకాన్ని కూడా విడిచిన చోటే అసలు పరీక్ష మొదలవుతుంది.

ఆ పరీక్షకు తెలుగునేల మీద నిలిచినవారు గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు (1902–1975). వృక్షశాస్త్ర అధ్యాపకుడిగా పనిచేస్తూ నాస్తిక భావాల కారణంగా ఉద్యోగం పోగొట్టుకున్న ఆయన, భార్య సరస్వతితో కలిసి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించగా, అది 1947లో విజయవాడకు తరలింది. గోరా దృష్టిలో నాస్తికత్వమంటే దేవుడు లేడని చెప్పి ఊరుకోవడం కాదు, తన చేతలకు తానే పూర్తి బాధ్యుడినని మనిషి ఒప్పుకోవడం. తలరాత, పూర్వజన్మ పాపం అన్న మాటలతోనే అంటరానితనాన్ని సమర్థించుకున్న సమాజంలో, కర్మను కాదనడమూ సహపంక్తి భోజనానికి కూర్చోవడమూ ఆయనకు ఒకే పనికి రెండు పేర్లయ్యాయి. పరలోకాన్ని చూపి అన్యాయాన్ని ఓర్చుకొమ్మనే విశ్వాసం కంటే, పక్క మనిషికి ఇక్కడే జవాబు చెప్పాలనే ఈ అవిశ్వాసం నైతికంగా బరువైనదని చెప్పక తప్పదు.

దైవవిశ్వాసంలో నిండా మునిగిన గాంధీ ఈ బరువును గుర్తించారు. గోరా కుమార్తె మనోరమకూ దళిత యువకుడు అర్జునరావుకూ సేవాగ్రాంలో జరగవలసిన వివాహంలో దేవుడి ప్రస్తావనకు బదులు సత్యాన్ని సాక్షిగా నిలపడానికి ఆయన సమ్మతించారు. ఆ పెళ్లి ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో జరిగింది.

రెండో ప్రశ్న ఇంతకంటే కఠినమైనది. చావు జరిగిన ఇంట ఓదార్పు, పండుగ నాటి కలయిక, వారం వారం ప్రార్థన మతం చేతిలో ఉన్న సాధనాలు కాగా, వాటికి సాటిరాగల అలవాట్లను నిర్మించుకోని హేతువాదం పుస్తకాల బీరువా దాటి బయటికి రాదు. తెలుగునాట చాలా హేతువాద బృందాలకు ఈ లోపం ఉంది. నాస్తిక కేంద్రం ఆ లోటును నిత్యసేవతో పూడ్చుకోవడానికి ప్రయత్నించింది. గోరా కుమారుడు లవణం, ఆయన సహచరి, కవి జాషువా కుమార్తె అయిన హేమలత, నేరస్థ జాతుల సెటిల్‌మెంటుగా ఏర్పడిన స్టూవర్టుపురంలో సంస్కరణకు పూనుకున్నారు. పుట్టుకతోనే దొంగలని వలస ప్రభుత్వ చట్టం ముద్రవేసిన ఆ కుటుంబాల దగ్గరికి వెళ్లడమంటే, పుట్టుకను బట్టి మనిషికి తీర్పు చెప్పరాదని ముదునూరు పంక్తిలో కూర్చున్న తరం పట్టిన పట్టును తర్వాతి తరం మరో ఊళ్లో కొనసాగించడమే.