శరద్విహారములు - ఛాయాచిత్రములు

వానలు వెనుకపట్టినవి. ఆశ్వయుజము ప్రవేశించినది మొదలు కార్తికము గడచువఱకు మన పట్టణములలోని యువకులు కెమెరాలు పుచ్చుకొని కొండకోటలకును, పాడుపడిన గుళ్లకును, చెఱువుగట్లకును బయలుదేరుట నేడు పరిపాటి యైనది. ఇది వట్టి కాలక్షేపమని ఈసడించు పెద్దలు కలరు. నేను వారితో నేకీభవింపజాలను. ఆకసము కడిగిన అద్దమువలె నుండి, వరిచేలు పొట్టకఱ్ఱమీద నుండు ఈ దినములలో ఇల్లు కదలవలదని ఎవరు మాత్రము చెప్పగలరు? నా ఫిర్యాదు వేఱు. అంతదూరము పోయి వీరు తెచ్చునది మిక్కిలి స్వల్పము. చూపు చిత్రములలో నాలుగింట మూడు వారి ముఖములే. వెనుకనున్న మండపము ఏ యూరిదో, ఏనాడు తీసినదో తీసినవానికే జ్ఞాపక ముండదు.

సాక్షులను విచారించుట వృత్తిగా గలవాడను గనుక చెప్పుచున్నాను: ఊరును, తేదియు గల ఛాయాచిత్రము బెదరింపునకు లొంగని సాక్షి. హంపీ సంగతి చూడుడు. 1856లో కంపెనీ సైన్యములోని అధికారి అలెగ్జాండర్ గ్రీన్‌లా అనునతడు మైనము పట్టించిన కాగితపు నెగెటివులపై విజయనగర శిథిలముల చిత్రములను తీసెను. విఠ్ఠలాలయము ముందరి రాతిరథము నెఱుగనివారు మనలో లేరు. 2017 నుండి వచ్చిన యాబది రూపాయల నోటుమీద అదియే యున్నది. కాని ఆ రథముపై నొకప్పుడు ఇటుకల శిఖరముండెనని ఎందఱకు తెలియును? గ్రీన్‌లా చిత్రములో నది స్పష్టముగా నున్నది. 1983లో ఆస్ట్రేలియా దేశీయుడగు జాన్ గోలింగ్స్ ఆ పాతచిత్రములు తీసిన తావులలోనే నిలిచి అవే దృశ్యములను మరల తీసెను. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచువానికి పోయినదేదో, నిలిచినదేదో వేఱుగ చెప్పనక్కఱలేదు. 1565 నాటి విధ్వంసమును తలచి మనము నేటికిని నిట్టూర్చుచున్నాము. 1856 తరువాత పోయినదానికి ఎవరిని దూఱుదుము?

అమరావతి కథయు నిట్టిదే. కాలిన్ మెకంజీ 1797లో ఆ దిబ్బను చూచిపోయి 1816లో మరల వచ్చునప్పటికి దాని నడుమ చెఱువు త్రవ్వబడియుండెను. అతని చిత్రకారులు గీసిన ఫలకములలో కొన్ని నేడెక్కడను లేవు, గీతలే మిగిలినవి. శేషించినవానిలో ననేకములను ఓడల కెక్కించి లండనుకు చేర్చినది పరప్రభుత్వమే, ఆ మాట మఱవ నక్కఱలేదు. కాని పాలఱాతిని కాల్చిన సున్నపుబట్టీలు మనవే.

సాక్ష్యము దొరికినచో పోయినది తిరిగివచ్చుటయు కలదు. తమిళనాడున శ్రీపురందాన్ గ్రామపు నటరాజ విగ్రహము దొంగలపాలై, ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు అమ్ముడుపోయెను. పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధనాసంస్థవారు పూర్వము ఆ గుడిలో తీసియుంచిన ఛాయాచిత్రముతో పోల్చిచూడగా గుట్టు బయటపడెను. విగ్రహము 2014లో దేశమునకు చేరినది. ఆ చిత్రమే లేనియెడల అది మనదని ఏ న్యాయస్థానమున నిరూపింపగలిగియుందుము?

ప్రభుత్వ రక్షణలోని కట్టడములకు 1958 నాటి చట్టము కలదు; పాడుచేసినవారికి రెండేండ్ల చెఱయో, లక్ష రూపాయల జుల్మానాయో, రెండునో విధింపవచ్చునని 2010లో దానిని సవరించిరి. అమలుమాట అటుండనిండు. పొలముగట్టుమీది వీరగల్లునకు, ఊరి దిగుడుబావికి, సున్నముక్రింద మరుగుపడుచున్న శాసనమునకు ఆ పాటి రక్షణయు తఱచుగా నుండదు. నాగలి కడ్డమని పెల్లగించువారు కొందఱు, నిక్షేపములకై త్రవ్వువారు కొందఱు, భక్తిచే రంగులు పూయువారు మఱికొందఱు. మన విహారులు పోవలసినది వీని యొద్దకు.

పనియు కష్టమైనది కాదు. శాసనాక్షరములు మిట్టమధ్యాహ్నము కంటికానవు. ఉదయ సాయంకాలములందు ఎండ ప్రక్కగా వాలినప్పుడు చెక్కిన గీతలలో నీడ నిలిచి, అక్షరము లేచివచ్చును. స్పష్టతకై సుద్దముక్కతో దిద్దు నలవాటు కొందఱికి కలదు. అది సాక్షికి మాటలు నేర్పుటవంటిది, మానవలెను. ప్రక్కన కొలబద్ద యుంచి యొకటి, దూరమునుండి పరిసరములతో నొకటి, నాలుగుదిక్కుల నుండి నాలుగు తీసినచో చాలును. అటుపిమ్మట ముఖములను ఎన్నియైనను తీసికొనవచ్చును.

కార్తికమున వనభోజనములకు ఉసిరిచెట్టు వెదకుకొని ఎట్లును పోవుదుము. ఈయేడు పాతగుడి యున్న యూరి తోపును ఎన్నుకొందము. విస్తళ్లను మాత్రము మండపములో పాఱవేసి రాకుందము. ఒక్క హెచ్చరిక. ఫోనులోని చిత్రము ఫోనుతో పోవును. మంచివి నాలుగు కాగితముమీద అచ్చువేయించి, వెనుక గ్రామము పేరు, తేది, ఏ దిక్కునుండి తీసినదియు పెన్సిలుతో వ్రాసి, మీ యూరి గ్రంథాలయమున నొక బొత్తిగా నుంచుడు.