సేవ చేసిన పిమ్మటనే యోగ్యతాపత్రము

పరీక్షలో నెగ్గినవానికి యోగ్యతాపత్రము నిచ్చుట లోకాచారము. దానిని పటము కట్టించి గోడకు తగిలించుటయు లోకాచారమే. ఆ విద్యవలన పొరుగువాని కేమి మేలు కలిగినదని యడుగువారు మిక్కిలి యరుదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ‘మాస్టర్ గార్డెనరు’ అను పేర నడచుచున్న తోటపని శిక్షణ యీ ప్రశ్ననే ముందుంచుకొనినది గావున దానిని గూర్చి మా యభిప్రాయమును చదువరులకు విన్నవింపదలచితిమి.

ఆ దేశమున విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞానమును ప్రజల యిండ్లకు జేర్చుటకై 1914వ సంవత్సరపు స్మిత్-లీవరు చట్టము ననుసరించి విస్తరణశాఖ లేర్పడినవి. వాషింగ్టన్ రాష్ట్రమున సియాటిల్, టకోమా నగరముల ప్రాంతమందు పెరటితోటలవారి సందేహములు 1970 తరువాత నానాటికి హెచ్చి, శాఖలోని కొలదిమంది యుద్యోగులకు వానికి సమాధానము చెప్పుటయే గగనమయ్యెను. అప్పుడు డేవిడ్ గిబ్బీ, బిల్ షీర్ అను నుద్యోగులకు ఒక యూహ తోచెను. ఆసక్తిగల పౌరులకు శాస్త్రము నేర్పి, అందులకు ప్రతిగా వారిచేతనే యిరుగుపొరుగుల సందేహములు తీర్పింపరాదా యని. విశ్వవిద్యాలయపు నిపుణులు మొదట దీనికి సమ్మతింపలేదు. 1972లో టకోమా నగరమున నొక యంగళ్ల సముదాయమందు సలహాకేంద్రమును పెట్టి చూడగా జనులు విరివిగా వచ్చిరి. మఱుసటి యేడు మొదటి తరగతి నడచెను. నేడీ పద్ధతి ఆ దేశమంతటను, కెనడాలో కొన్నిచోట్లను వ్యాపించియున్నది.

మట్టి గుణములు, ఎఱువులు, పురుగులు, తెగుళ్లు, కొమ్మల కత్తిరింపు మున్నగునవి తరగతిలో నేర్పుదురు. పరీక్షయు గలదు. కాని పరీక్షతో బిరుదము రాదు. అటుపిమ్మట నియమితమైన గంటలు, అనేకస్థలములలో మొదటి యేడు నలువదియో యేబదియో, ఊరివారికి ఉచితముగ సేవ చేయవలెను. ఏటేట మరల సేవయు, క్రొత్త పాఠములును లేనిచో ఆ పేరు నిలువదు. ఆ పేరు చెప్పుకొని వ్యాపారము చేసికొనుటకును వీలులేదు. ఈ కడపటి నిబంధనమే మాకు మిక్కిలి నచ్చినది.

ఇట్టివారి యుపయోగ మెట్టిదో యొక యుదాహరణము చాలును. టమాటాకాయ యడుగుభాగమున నల్లని మచ్చ పడి కుళ్లుట చాలమంది చూచియుందురు. తెగులని తలచి గృహస్థుడు అంగడికి పరుగెత్తి మందు కొనితెచ్చును. నిజమునకది తెగులును గాదు, పురుగును గాదు. కాయకు కాల్షియము చాలకపోవుట. అదియు మట్టిలో లేక కాదు, అనేక పర్యాయములు నీటి లోపమువలననే. ఒకనాడు కాలువవలె నీరు పెట్టి, పిదప వారము దినములు మఱచినచో వేరు కాల్షియమును కాయ కందింపజాలదు. నీరు సమముగ పెట్టి మొదట చెత్త కప్పినచో తరువాతి కాయలు బాగుపడును. ఈ మాట చెప్పుటకు మందులవర్తకునకు లాభము లేదు. లాభాపేక్ష లేని పొరుగువాడే చెప్పవలెను. తెలియని ప్రశ్న వచ్చినప్పుడు ఊహించి చెప్పక, విశ్వవిద్యాలయము వారిని విచారించి చెప్పుమనియు వీరికి నేర్పుదురు. పెద్ద చదువులవారికే యీ యలవాటు కొఱతగా నున్నది!

ఉచితసేవకులు దొరకగనే జీతమిచ్చి నిపుణులను పెట్టుటెందులకని ప్రభువులు తలపోయుదురను శంక గలదు. ఇది కేవలము త్రోసివేయదగిన శంక కాదు. సేవకుని వెనుక శాస్త్రమెఱిగిన యుద్యోగి లేనిచో, కొలది యేండ్లలో ఆ సలహాలు పుకారులతో సమానమగును. సేవకులు నిపుణులకు చేతులవలె నుండవలెనే గాని, వారి స్థానము నాక్రమింపరాదు.

ఇంతకంటె పెద్దలోపము వేఱొకటి. కొన్నిచోట్ల తరగతులు పనిదినములలో పగటిపూట జరుగును; రుసుమును గలదు. కావున తీరిక గలవారు, ఉద్యోగము విరమించినవారు చేరుదురు గాని దినకూలి చేయువాడెట్లు చేరగలడు? సాయంకాలపు తరగతులును, రుసుము మాఫీయును అంతటను ఉండవలెనని మా యభిప్రాయము.

ఆ దేశమున స్థిరపడిన మన తెలుగువారి పెరళ్లలో గోంగూర, బీర, సొర మొలచుచున్నవి. గోంగూర గడ్డకట్టు మంచునకు తాళదు. శీతలప్రాంతములలో చివరి మంచు ఎప్పుడు కురిసి పోవునో తెలిసికొని నాటవలెను. అంతవఱకు నారు ఇంటిలోపల కుండీలో పెంచవలెను. ఆ తేదీని అచ్చటి సలహాదారు ఎఱుగును; ఏ ఆకు ఎప్పుడు కోయవలెనో మన యవ్వ ఎఱుగును. ఆమెకు ఇంగ్లీషు రాదను కారణమున తరగతి వాకిటనే నిలిపివేయుట న్యాయము కాదు. పక్కన మాట తెలుపువాని నొకని కూర్చుండబెట్టి, ఆమెకును ముందు వరుసలో నొక పీట వేయవలెను.