తీర్మానాల పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టాన్ని పార్లమెంటు 2009లో ఆమోదించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. మన సభల్లో, సమావేశాల్లో ఈ చట్టం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ప్రవేశాలు, ఫీజులు, ఉపకార వేతనాల చుట్టూనే చర్చ తిరుగుతుంది. పాఠశాల నిర్వహణలో తల్లిదండ్రులకు చట్టబద్ధమైన స్థానం కల్పించిన 21వ సెక్షన్‌ను మాత్రం మన సమాజం ఇంతవరకు తగినంత శ్రద్ధతో చదవలేదు.

ఆ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది అక్కడ చదువుతున్న పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. వెనుకబడిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలి. పాఠశాల పనితీరును పర్యవేక్షించడం, అభివృద్ధి ప్రణాళికను తయారు చేసి సిఫారసు చేయడం, ప్రభుత్వం నుంచో మరొకచోటి నుంచో వచ్చిన నిధుల వినియోగాన్ని పరిశీలించడం ఈ కమిటీ విధులు. కమిటీ నెలకు ఒకసారైనా సమావేశం కావాలని, తీర్మానాలను సక్రమంగా నమోదు చేసి ప్రజలకు అందుబాటులో ఉంచాలని కేంద్రం రూపొందించిన నమూనా నిబంధనలు చెబుతున్నాయి.

వాస్తవంలో జరుగుతున్నదేమిటో ఉర్దూ మాధ్యమ ప్రాథమిక పాఠశాలలున్న బస్తీల వారికి చెప్పనవసరం లేదు. ఎన్నిక రోజున వచ్చినవారి పేర్లు రాసుకుంటారు. తరువాత రిజిస్టరు ఇంటింటికీ తిరుగుతుంది. అప్పటికే రాసి ఉన్న తీర్మానం కింద తల్లి సంతకమో వేలిముద్రో పడుతుంది. ఏ తీర్మానానికి సమ్మతించిందో ఆమెకు తెలియదు. ఉర్దూ బడిలోనైనా తీర్మానం తెలుగులో ఉంటుంది. అధికారులు చదివే భాష అది కాబట్టి దానిలో తప్పు పట్టడానికి లేదు. అయితే సంతకానికి ముందు దానిని ఆ తల్లికి ఆమె భాషలో చదివి వినిపించడానికి ఎంత సమయం పడుతుంది?

ఇక్కడ తప్పంతా ఉపాధ్యాయుల మీద మోపడం న్యాయం కాదు. ఒకరిద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడుస్తున్న బడిలో, పాఠం చెబుతూనే మధ్యాహ్న భోజనం లెక్కలు రాసి, ఆన్‌లైన్ హాజరు నింపి, మండల కార్యాలయానికి నివేదికలు పంపే ప్రధానోపాధ్యాయుడికి కమిటీ సమావేశం మరో భారంగానే తోస్తుంది. తనిఖీకి వచ్చినవారిలా తల్లిదండ్రులు ప్రశ్నిస్తారన్న జంకు కూడా కొందరిలో ఉంది. ఆ జంకు పోవాలంటే కమిటీ ఆయనకు అండగా నిలవాలి. టీచరు పోస్టు ఖాళీగా ఉందని ప్రధానోపాధ్యాయుడు రాసే లేఖకు, అదే విషయంపై ఇరవై మంది తల్లిదండ్రులు సంతకాలు చేసి పంపే తీర్మానానికి మండల విద్యాశాఖాధికారి బల్లపై ఒకే విలువ ఉండదు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మినహా ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను పంపరాదని ఇదే చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. టీచరు తన కోసం తాను ఎత్తిచూపలేని ఆ సెక్షన్‌ను తల్లిదండ్రులు ఎత్తిచూపగలరు.

ఉర్దూ పోస్టుల సంగతి ప్రత్యేకమైనది. రోస్టర్‌లో ఎస్సీ, ఎస్టీ వర్గాలకు కేటాయించిన ఉర్దూ మాధ్యమ పోస్టులు, ఉర్దూ చదివిన అభ్యర్థులు ఆ వర్గాలలో దొరకక, నియామకం తరువాత నియామకంలో ఖాళీగా మిగిలిపోవడం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పాత సమస్య. ఆయా వర్గాల హక్కుకు భంగం కలగకుండా దీనికి పరిష్కారం వెతకవలసింది ప్రభుత్వమే. అయితే ఏ బడిలో ఎన్ని పోస్టులు ఎంతకాలంగా ఖాళీగా ఉన్నాయో, ఆ కాలంలో ఎంతమంది పిల్లలు వేరే మాధ్యమానికి మారిపోయారో నమోదు చేయగలిగింది ఆ బడి కమిటీ ఒక్కటే. టీచరు లేక పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గారన్న కారణంతో బడిని మరో బడిలో కలుపుతారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 117వ నంబరు జీవో కింద 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు అనేక గ్రామాలలో తల్లిదండ్రులు రోడ్డెక్కవలసి వచ్చింది. ఉర్దూ బడికి ఆ ముప్పు రెట్టింపు, ఎందుకంటే నడిచి వెళ్లగల దూరంలో మరో ఉర్దూ బడి ఉండదు. భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సదుపాయం కల్పించడానికి కృషి చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం రాష్ట్రాలకు నిర్దేశించింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించాయి. ఈ హామీలను గుర్తు చేస్తూ రాసిన తీర్మానాలు, విలీన ప్రతిపాదన రాకముందే, ఏడాది వెంట ఏడాది ఫైలులో చేరి ఉండాలి.

ఖాళీలున్న చోట మన యువతులు, విశ్రాంత ఉపాధ్యాయులు స్వచ్ఛందంగా పాఠాలు చెప్పడానికి ముందుకు వస్తున్నారు. అభినందించవలసిన విషయమే. కానీ ఒక జాగ్రత్త అవసరం. జీతం లేకుండా ఒకరు రెండేళ్లు తరగతి నడిపితే, అక్కడ ఖాళీ ఉన్నదన్న సంగతినే కార్యాలయం మరచిపోతుంది. కాబట్టి ముందు ఖాళీపై తీర్మానం వెళ్లాలి, తరువాతే వాలంటీరు తరగతిలోకి రావాలి. ఎవరు, ఏ వేళల్లో, ఏ తరగతికి వస్తున్నారో కమిటీ పుస్తకంలో ఉండాలి. పిల్లల భద్రత దృష్ట్యా ఆ వ్యక్తి ప్రధానోపాధ్యాయుడి పర్యవేక్షణలోనే పనిచేయాలి. నియమ నిబంధనలలో విద్యాభిమానులకు కో-ఆప్టెడ్ సభ్యులుగా చోటుంది. ఆ స్థానాలను స్థానిక నాయకుడి అనుచరులకు వదిలేయకుండా, ఇలా నిజంగా సమయం ఇవ్వగలవారికి ఇప్పించడం మన కార్యకర్తల పని.

స్త్రీల ప్రాతినిధ్యం విషయంలో మనలో మనం నిర్మొహమాటంగా మాట్లాడుకోవాలి. కాగితం మీద భార్య సభ్యురాలు, కుర్చీలో భర్త. ఈ అలవాటు మన బస్తీలకే పరిమితం కాదు గానీ, మన దగ్గర లేదని ఎవరూ అనలేరు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో భర్త గల్ఫ్‌లో ఉండగా బీడీలు చుడుతూ పిల్లలను బడికి పంపుతున్న తల్లికి ఆ బడి గురించి ఎవరికన్నా ఎక్కువ తెలుసు. ఏ రోజు కోడిగుడ్డు ఇవ్వలేదో, మరుగుదొడ్డికి తాళం ఎందుకు వేశారో, కూతురు ఎండాకాలం నీళ్లు తాగకుండా ఎందుకు ఇంటికి వస్తోందో ఆమే చెప్పగలదు. పొద్దున పదకొండింటికి సమావేశం పెడితే ఆమె కూలి పోతుంది. వేళ మార్చమని అడగడానికి ఏ జీవో అక్కరలేదు.

తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల పనులను వాటికి అప్పగించారు. తల్లులకు బాధ్యత ఇవ్వడం మంచి ఆలోచనే. అయితే వాటి అధ్యక్ష స్థానం మహిళా పొదుపు సంఘాల సమాఖ్య నాయకురాలికి దక్కుతుంది. వడ్డీతో కూడిన లావాదేవీల పట్ల ధార్మిక అభ్యంతరం వల్ల మన స్త్రీలలో కొందరు ఆ సంఘాలకు దూరంగా ఉంటారన్నది తెలిసిన విషయమే. అలాంటి చోట, పిల్లలంతా ముస్లింలే అయిన బడికి కూడా ఆ బడితో సంబంధం లేని వ్యక్తి అధ్యక్షురాలయ్యే అవకాశం ఉంది. ఉర్దూ బడులలో ఆ బడి తల్లులలో ఒకరికే అధ్యక్ష స్థానం ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

లెక్కల దగ్గరకు వద్దాం. సమగ్ర శిక్ష కింద బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. నిబంధనల ప్రకారం 30 మంది వరకు ఉన్న బడికి 10 వేల రూపాయలు, 100 మంది వరకు 25 వేలు, 250 మంది వరకు 50 వేలు. పెద్ద మొత్తాలు కావు. అయినా ఈ అంకెలు తెలిసిన తల్లి అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. అభివృద్ధి ప్రణాళిక మూడేళ్లకు తయారవుతుంది, ఏ తరగతిలో ఎందరు పిల్లలు చేరతారో, ఎందరు టీచర్లు కావాలో, ఏ గదులు అవసరమో అందులో రాయాలి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు నాటికి అది సిద్ధం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారా జరిగాయి. ఎంత బాగా జరిగాయన్నది వేరే చర్చ. కమిటీ చేతుల మీదుగా నిధులు నడవగలవన్నది మాత్రం అక్కడ రుజువైంది.

తెలుగు, ఇంగ్లీషు మాధ్యమ బడులలో చదివే మన పిల్లలను ఈ చర్చలో మరవరాదు. నూర్‌బాషాలు మొదలుకొని తెలుగే ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి బడులలో మనవారు కొద్దిమందే ఉండవచ్చు, కమిటీలో ఒక్క స్థానమే దక్కవచ్చు. ఆ ఒక్కరూ కూర్చోవాలి. రికార్డులో ‘షేక్’ అన్నది ఇంటిపేరో అసలు పేరో తేలక, ఆధార్‌తో సరిపోలక ఇబ్బంది పడే పిల్లల సంగతి ఆ ఒక్కరు ఎత్తకపోతే మరెవరు ఎత్తుతారు?

చివరగా, మనం నడుపుకుంటున్న బడుల మాట. 2012 సవరణతో మైనారిటీ పాఠశాలల్లో ఈ కమిటీల పాత్ర సలహాకే పరిమితమైంది. 2014లో ప్రమతి ట్రస్టు కేసులో రాజ్యాంగ ధర్మాసనం, మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టమే వర్తించదని తీర్పు చెప్పింది. ఆ తీర్పును విస్తృత ధర్మాసనం పరిశీలించాలంటూ 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అభిప్రాయపడింది. 30వ అధికరణం మనకు ప్రాణప్రదమైన హక్కు, దానిని కాపాడుకోవలసిందే. కానీ ఆ హక్కు రాజ్యాంగం మైనారిటీ సమాజానికి ఇచ్చింది. కార్యదర్శి కుటుంబానికో, ట్రస్టు శాశ్వత సభ్యులకో ఇవ్వలేదు. ఫీజు కట్టే తల్లి లెక్క అడిగితే ‘మాది మైనారిటీ సంస్థ’ అని జవాబిచ్చే యాజమాన్యాలు ప్రభుత్వం నుంచి ఏ నోటితో జవాబుదారీతనం కోరతాయి? చట్టం నిర్బంధించకపోయినా తల్లిదండ్రుల కమిటీని ఎన్నుకుని, సగం స్థానాలు తల్లులకిచ్చి, లెక్కలను నోటీసు బోర్డు మీద పెట్టే మన యాజమాన్యాలు ఎక్కడ ఉన్నా మాకు రాయవలసిందిగా కోరుతున్నాం. వారు అనుసరిస్తున్న పద్ధతిని వివరంగా ప్రచురిస్తాం.